వెనక సీటు

"తాడు నీ చేతికి ఉందా, లేదా? అదొక్కటి చెప్పు."

"ఉంది సార్. ఆదివారం నుంచీ అదే చెబుతున్నాను. ఉంది."

గురువారం ఉదయం ఎనిమిది దాటి పది నిమిషాలైంది. స్టేషన్లో వెనక గది. బల్లకి ఇటు డిటెక్టివ్, అటు ముప్ఫై ఏళ్ళ జెట్‌స్కీ డ్రైవరు. ఇక్కడ మునిగి అక్కడ తేలతాడని జెట్టీలో అందరూ అతన్ని నీటికోడి అంటారు. నాలుగు రోజుల లాకప్పులో ఆ నీటికోడి కాస్తా వానలో తడిసిన నాటుకోడిలా ముడుచుకుపోయాడు.

"మొదటినుంచీ చెప్పు. టైములతో సహా."

"పదీ నలభైకి బయల్దేరాం సార్. ముందు నేను, వెనక కళ్ళద్దాల షాపాయన, మధ్యలో ఆయన బావమరిదిగారు. లైఫ్‌జాకెట్లు నేనే వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. ఇద్దరికీ వదులు లేదు. ముందున్న మనిషిని గట్టిగా పట్టుకోండి, కాళ్ళు కింద పలకల మీదే ఉంచండి, నేను ఎటు ఒంగితే అటే ఒంగండి అని చెప్పాను."

"స్పీడు?"

"వెనక మనుషులుంటే నేను స్పీడు పోను సార్. పదీ యాభై దాటాక, ఎర్ర బోయా దగ్గర మెల్లిగా ఎడమకి తిప్పుతున్నాను. ఉన్నట్టుండి బరువంతా కుడివైపుకి ఒరిగింది. కళ్ళు తెరిచేసరికి ముగ్గురం నీళ్ళలో ఉన్నాం. నాతోపాటు తాడు కూడా వచ్చేసింది. ఇంజను చచ్చింది."

డిటెక్టివ్ అతని ఎడమచెయ్యి బల్ల మీదికి లాగి చూశాడు. మణికట్టు చుట్టూ వేలెడు వెడల్పున కందిన గీత, ఇప్పుడిప్పుడే పసుపురంగుకి తిరుగుతోంది. ఆ తాడు సంగతి అతనికి బాగా తెలుసు. ఒక కొస డ్రైవరు మణికట్టుకి ఉంటుంది. రెండో కొసన ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు హ్యాండిల్ దగ్గర స్విచ్చులో ఇరుక్కుని ఉంటుంది. డ్రైవరు పడితే క్లిప్పు ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. క్లిప్పు మళ్ళీ పెట్టనిదే ఎంత నొక్కినా స్టార్టు కాదు.

కానీ డాక్టరు రిపోర్టులో ఉన్నది వేరు. బండి వెనక గొట్టంలోంచి చిమ్మే నీటి ధాటికి షాపాయన పొత్తికడుపు లోపల చిరిగి ప్రాణం పోయింది. రెండడుగుల లోపు నుంచి, పూర్తి రేజులో. అంటే ఇంజను నడిచింది.

డిటెక్టివ్ తర్వాత అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ ప్రశ్న కోసమే నిన్న రాత్రంతా నిద్రపట్టలేదు.

"పడ్డాక, బండి మీదికి ముందు ఎవరు ఎక్కారు?"

"బావమరిదిగారు సార్. బండి గాలికి జరిగిపోయి నాకు పదిహేను అడుగుల దూరంలో ఉంది. ఆయన దాని పక్కనే ఉన్నారు. ఎక్కండి సార్ అన్నాను. కస్టమర్లని నీళ్ళలో వదిలేసి నేను ముందు ఎక్కి కూర్చుంటే ఏం మర్యాద?"

"ఆ తర్వాత?"

"షాపాయన వెనక మెట్టు పట్టుకున్నారు. నేను ఈదుతూ వస్తున్నాను. ఇంజను మోగింది సార్. రెండు క్షణాలు. అంతే. ఆయన చేతులు జారిపోయాయి." నీటికోడి కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. "నా క్లిప్పు నీళ్ళలో వేలాడుతూనే ఉంది. మరి ఇంజను ఎలా మోగింది? బావమరిదిగారేమో ఇంజను అసలు ఆగనేలేదు, పడ్డప్పుడే దెబ్బ తగిలింది, డ్రైవరు చేతికి తాడే లేదు అని చెప్పారట. అందరూ ఆయన మాటే నమ్ముతున్నారు. ఇప్పుడు నా మాట మీద నాకే నమ్మకం పోతోంది."

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"సార్, నేను ముందు ఎక్కాలా? అదేమైనా తప్పా?"

డిటెక్టివ్ నేరుగా జవాబు చెప్పే ధైర్యం లేక లేచి తలుపు తట్టాడు.

ముందు డ్రైవరే ఎక్కాలి. ఎక్కి, క్లిప్పు తన అదుపులో ఉంచుకుని, ఇంజను ఆపి ఉండగానే ఒక్కొక్కరినీ వెనకనుంచి ఎక్కించుకోవాలి. లైసెన్సు పరీక్షలో అది తొమ్మిదో అంశం. జలపోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేసి బయటికొచ్చిన డిటెక్టివ్, అక్కడి చివరి ఐదేళ్ళూ ఆ పరీక్షలు పెట్టాడు. ఎనిమిది అంశాలు గట్టు మీద నుంచి చూసి మార్కులు వెయ్యొచ్చు. తొమ్మిదోదానికి మాత్రం పరీక్షాధికారి స్వయంగా వెనక సీట్లో కూర్చుని, నీళ్ళలో పడి, మళ్ళీ ఎక్కాలి. నీటికోడి పరీక్ష రోజున సన్నగా జల్లు పడుతోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. డిటెక్టివ్ గొడుగు కిందనుంచి కదలకుండా తొమ్మిదో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు. అతని నేరం అంతే. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మొన్న నీటికోడి తల్లి వచ్చి డిటెక్టివ్ ఇంటి తలుపు కొట్టినప్పుడు ఆమెకి ఇవేమీ తెలియవు. "మీరు సంతకం పెట్టారంటే వాడికి పని వచ్చినట్టే కదా బాబూ! ఆ మాట పోలీసులకి చెప్పండి, వదిలేస్తారు" అంది. ఆ మాట అతనికి అన్నం సహించనివ్వడం లేదు.

* * *

"వినబడింది గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కింద పనిచేసినవాడే. ఆరేళ్ళు మాట పడ్డాడు. ఇప్పుడు ఆ అప్పు వడ్డీతో తీర్చడానికి ఒక్కో 'గురువుగారూ'నీ ఒక్కో చెంపదెబ్బలా వాడుతున్నాడు. "ఆ డ్రైవరు తాడు కట్టుకోలేదు. హ్యాండిలుకి చుట్టేశాడు. అందరూ పడ్డాక కూడా ఇంజను నడిచింది. వెనకవాడికి తగిలింది. ఇందులో డిటెక్షన్ ఎక్కడుంది?"

"మణికట్టు మీద గీత?"

"నా సంకెళ్ళదేమో!"

"ఆదివారం పదకొండూ పదికి మీ కానిస్టేబులు తీసిన ఫొటోలో ఆ గీత ఉంది. సంకెళ్ళు వేసింది పన్నెండున్నరకి. రెండు టైములూ నువ్వు రాసినవే."

ఇన్‌స్పెక్టరు గోడ వదిలాడు. "మీకు ఇది హత్య కావాలి, అవునా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ హడావుడి. వాడి లైసెన్సు కాగితం నేనూ తీశాను. తొమ్మిదో గడిలో మీ టిక్కు చూశాను. ఆ రోజు గట్టు మీద గొడుగు పట్టింది ఎవరో మర్చిపోయారా?"

డిటెక్టివ్‌కి గుర్తుంది. గొడుగు పట్టింది ఇతనే.

"వాడు తప్పు చేస్తే ఆ తప్పు మీదాకా వస్తుంది. అదే హత్య అయితే మీరు కడిగిన ముత్యం. అందుకే తిప్పలు పడుతున్నారు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే. నిన్న రాత్రి పక్క మీద దొర్లుతూ అతను కోరుకున్నది అదే. 'దేవుడా, ఇది హత్య అయి ఉండాలి.' ఒక మనిషిని ఇంకో మనిషి చంపి ఉండాలని దణ్ణం పెట్టుకున్నవాణ్ణి ఏమనాలో అతనికి తోచలేదు.

"ఒక గంట ఇవ్వు," అన్నాడు. "అదే బండి, అదే చోటు, అదే మనిషి. మధ్యలో నువ్వు కూర్చో. బావమరిది బరువే నీది కూడా."

"నేనా? నీళ్ళలోనా?"

"నీళ్ళ పోలీసువి కదయ్యా!"

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గు విన్నాక ఇన్‌స్పెక్టరు కాదనలేకపోయాడు.

* * *

పదిన్నరకి జెట్టీ దగ్గర నీళ్ళు నిన్నటి గాలికి ఇంకా కదులుతున్నాయి. బండి వెనక భాగంలో అతికించిన కాగితం ఎండకి వెలిసిపోయింది. అయినా చదవొచ్చు. ముగ్గురు మనుషులు, రెండువందల నలభై కిలోలు. వెనక గొట్టానికి దగ్గరగా ఉండరాదు. మందపాటి ఈతలాగు వేసుకోవాలి. డిటెక్టివ్ వేసుకున్నాడు. ఆదివారం షాపాయన వేసుకున్నది మామూలు కాటన్ ప్యాంటు.

నీళ్ళ దగ్గరికి రాగానే నీటికోడికి ప్రాణం లేచొచ్చింది.

"సార్, నా బెల్టు కాదు, నడుం పట్టుకోండి. ఇంకా దగ్గరగా. సిగ్గుపడితే పడిపోతారు."

నిన్నటిదాకా లాఠీ పట్టిన చేతులు ముద్దాయి నడుం చుట్టూ బిగుసుకున్నాయి. వెనకనుంచి డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు జాకెట్టు పట్టుకున్నాడు. నీటికోడి ముందుగా చెప్పి, అప్పుడు రేజు ఇచ్చాడు. తిప్పబోయే ప్రతిసారీ 'ఎడమకి' అనో 'కుడికి' అనో అరిచాడు. ఇవన్నీ ఎవరూ నేర్పకుండా తనంతట తాను నేర్చుకున్నవే. తెలియనిది ఒక్కటే మిగిలింది. నేర్పవలసినవాడు నేర్పని ఆ ఒక్కటి.

ఎర్ర బోయా దగ్గర డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు చెవిలో, "ఇప్పుడు కుడికి పడు!" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు పడ్డాడు. ముగ్గురూ పడ్డారు. నీళ్ళు ముక్కులోకి పోయాయి. ఇంజను టక్కున ఆగింది. నీటికోడి చెయ్యెత్తి చూపించాడు. తాడు చేతికుంది, క్లిప్పు గాలిలో ఊగుతోంది.

"నేను కావాలని పడితే గానీ బండి ఒరగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు రొప్పుతూ. తన నోటినుంచి ఏం వచ్చిందో అతనికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"ఎక్కు. అతను ఎక్కినట్టే."

పక్కనుంచి ఎక్కబోతే బండి ఒరిగిపోయింది. రెండోసారి వెనకనుంచి పాకి, ఎలాగో సీటు మీద బోర్లా పడి లేచాడు. గాలికి బండి జరుగుతోంది. నీటికోడి దూరమవుతున్నాడు. డిటెక్టివ్ ఈదుకుంటూ వెళ్ళి వెనక మెట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. పొత్తికడుపుకి ఎదురుగా, జానెడు దూరంలో, గుండ్రటి గొట్టం. ఆదివారం కళ్ళద్దాలు తీసి ఒడ్డున భార్యకిచ్చి వచ్చిన షాపాయన ఇక్కడే ఉన్నాడు. మెట్టు తప్ప అతనికేమీ సరిగా కనబడి ఉండదు.

"స్టార్టు నొక్కు," అన్నాడు డిటెక్టివ్.

"మీరు అక్కడుండగానా?"

"నొక్కు!"

ఇన్‌స్పెక్టరు వేలు కాసేపు ఆగింది. నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. గట్టిగా, ఇంకా గట్టిగా. బండి రాయిలా ఉంది.

నీళ్ళు ఇవాళ కూడా చల్లగానే ఉన్నాయి.

"గురువుగారూ," అని ఇన్‌స్పెక్టరు పైనుంచి పిలిచాడు. గొంతులో ఎగతాళి లేదు. "మీరు మెట్టు పట్టుకోగానే బండి వెనక్కి దిగింది. నాకు కింద తెలిసింది. సీటు మీద కూర్చున్నవాడికి తెలియకపోవడమంటూ ఉండదు."

"ఇంకో క్లిప్పు ఉంటే?"

"ఉంటే స్టార్టవుతుంది."

ఇద్దరూ ఒకేసారి ఒడ్డువైపు చూశారు.

* * *

జెట్టీ గదిలో గోడకి లైఫ్‌జాకెట్ల వరస, పక్కనే చెక్కపలక మీద నాలుగు కొక్కేలు. మూడింటికి మూడు బళ్ళ తాళ్ళు. నాలుగోదానికి పసుపుపచ్చ తాడు, క్లిప్పుతో సహా. ఏ బండికైనా పట్టే అదనపు తాడు.

"ఆదివారం ఇది ఇక్కడే ఉందా?" అని డిటెక్టివ్ టికెట్లిచ్చే పెద్దాయన్ని అడిగాడు.

"పొద్దున్న తొమ్మిదికి నేనే తగిలించాను బాబూ. పదకొండూ ముప్పావుకి చూస్తే లేదు. నన్ను తిట్టుకుంటూ వెతుకుతుంటే ఆవిడ తెచ్చిచ్చింది."

"ఏ ఆవిడ?"

"పోయినాయన భార్య. ఆస్పత్రి నుంచి బట్టల సంచీ కోసం వచ్చింది. 'మెట్ల మీద దొరికింది తాతా' అంది. పాపం, మొగుణ్ణి పోగొట్టుకుని కూడా మన తాడు మనకిచ్చిందే అని నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు తాడు పోయిందా అని అడిగారు. పోలేదన్నాను. పోలేదు కదా బాబూ!"

ఇన్‌స్పెక్టరు నుదురు కొట్టుకున్నాడు.

* * *

ఒంటిగంటా ఐదు నిమిషాలు. కళ్ళద్దాల షాపు షట్టరు దించి ఉంది. పైన ఇల్లు. ముందుగదిలో చిన్న అక్షరాల నుంచి పెద్ద అక్షరాల దాకా ఉన్న చార్టు గోడకి వేలాడుతోంది. చనిపోయినాయన భార్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆమె తమ్ముడు, షాపులో అద్దాలు అరగదీసే మనిషి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. వేళ్ళ చివర్లలో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది.

"అమ్మా, ఆదివారం పదీ యాభైకి ఎక్కడున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

"క్యాంటీన్లో. టీ తాగుతున్నాను. ఆ రోజే చెప్పాను."

"పసుపుపచ్చ తాడు ఎక్కడ దొరికింది?"

ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "మెట్ల మీద."

"మెట్లు ఆ ఉదయం రెండుసార్లు కడిగారు, రెండోసారి పదకొండున్నరకి. దొరికితే కడిగినవాళ్ళకి దొరకాలి."

"అక్కని వదిలెయ్యండి," అన్నాడు తమ్ముడు. గోడకి జారగిలబడి మెల్లగా నేల మీద కూలబడ్డాడు. "నేనే ఇచ్చాను. ఒడ్డుకి రాగానే అక్క చేతిలో పెట్టాను. అక్కకి ఏమీ తెలియదు."

ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకం తీశాడు.

"కొక్కేనికి కనబడితే తీసి జేబులో వేసుకున్నాను. మధ్యలో ఎక్కడైనా డ్రైవరుని బతిమాలి ఒక రౌండు నేనే నడుపుదామని సరదా పడ్డాను. బోయా దగ్గర జారిపడ్డాం. బండెక్కాను. డ్రైవరు దూరమైపోతున్నాడు. వెళ్ళి అతన్ని ఎక్కించుకుందామని క్లిప్పు పెట్టి స్టార్టు చేశాను. బావ డ్రైవరు పక్కన ఉన్నాడనుకున్నాను. ఒట్టు. వెనక ఉన్నాడని తెలీదు."

"బండి వెనక్కి దిగలేదూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అల అనుకున్నాను సార్. నాకేం తెలుసు? జన్మలో మొదటిసారి ఎక్కాను." వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "భయమేసి అబద్ధం చెప్పాను. ఆ డ్రైవరుని జైల్లో పెట్టించాను. నాకు శిక్ష పడాల్సిందే. కానీ కావాలని చెయ్యలేదు."

ఇన్‌స్పెక్టరు రాస్తున్న కలం మధ్యలో ఆగింది. కొత్తగా ఎక్కినవాడు అల అనుకుని ఉండొచ్చు. కాదని ఎవరు రుజువు చేస్తారు?

డిటెక్టివ్ తన లోపల వెతుక్కున్నాడు. హత్య కాదని తేలితే కూలిపోతాననుకున్నాడు. కూలిపోలేదు. రాత్రంతా ముళ్ళలా పొడిచింది ఇప్పుడు ఒక్కటే మాటగా మిగిలింది. ఆ మాట అనడం అనుకున్నంత కష్టంగా కూడా లేదు.

"నా వాంగ్మూలం కూడా రాసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

"మీదా?"

"డ్రైవరు ముందు ఎక్కి ఉంటే ఈ తమ్ముడి చేతికి హ్యాండిలే అందేది కాదు. ఆ సంగతి డ్రైవరుకి ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నాడో లేదో చూడాల్సింది నేను. పరీక్ష పెట్టకుండా పెట్టానని సంతకం చేశాను. నువ్వు పక్కనే ఉన్నావు, గొడుగు పట్టుకుని. అదీ రాయి." ఆమెవైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆయన పోవడానికి కారణం నీళ్ళు చల్లగా ఉన్నాయని గట్టు దిగని ఒక సోమరి. అది నేను. మీకు ఎదురుపడి చెప్పాలి కదా, చెబుతున్నాను."

తమ్ముడు తలెత్తాడు. ఏడుపు ఆగింది. "అవును సార్," అన్నాడు గబగబా. "అదే. డ్రైవరుకి సరిగ్గా నేర్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. విన్నావా అక్కా? ఆయనే ఒప్పుకుంటున్నారు. తప్పు వాళ్ళది."

ఆమె తమ్ముడివైపు చూడలేదు. డిటెక్టివ్‌నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఊబిలో ఉన్నవాళ్ళు గట్టు మీద మనిషిని చూసినట్టు చూసింది.

"మా ఆయన కూడా ఇలాగే అన్నాడండీ," అంది. "శనివారం రాత్రి. ఇదే కుర్చీలో కూర్చుని."

"అక్కా..."

"వీడు రెండు జతల కళ్ళద్దాలు తారుమారు చేసి ఇచ్చాడు. ఒకటి లారీ డ్రైవరుది. ఆ అద్దాలతో లారీ నడిపితే రోడ్డు పక్కన సైకిలు మీద పోతున్న మనిషి కనబడలేదు. ఆ మనిషి పోయాడు. లారీ డ్రైవరు తాగి ఉన్నాడని ఊరంతా అనుకుంది. మా ఆయన పాత కవర్లు సర్దుతుంటే సంగతి బయటపడింది. 'షాపు నాది, తప్పు నాది, సోమవారం వెళ్ళి చెప్పేస్తాను, నీ తమ్ముడి పేరు కూడా చెప్పక తప్పదు' అన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఆదివారం సరదాగా తిరిగొస్తే మనసు మారుతుందని నేనే బయల్దేరదీశాను. నీళ్ళంటే భయం ఆయనకి. 'పిరికివాడివి' అని ఎగతాళి చేసి ఎక్కించాను."

"అక్కా, ఆపు," అన్నాడు తమ్ముడు. గొంతు మారిపోయింది. ఇన్‌స్పెక్టరు అడుగువేసి అతనికీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు.

"నేను టీ తాగలేదండీ. జెట్టీ చివర నిలబడి ఫోన్లో వీడియో తీశాను. ఎగతాళి చేశాను కదా, వచ్చాక చూపించి మెచ్చుకుందామని." ఆమె కుర్చీ పక్కనున్న సంచీలోంచి ఫోను తీసింది. "నాలుగు రోజులుగా దీన్ని చెరిపేద్దామని వేలు పెడుతున్నాను. తోడబుట్టినవాడు కదా. అమ్మ పోయినప్పటినుంచీ నేనే పెంచాను. వేలు పెడతాను, తీసేస్తాను. పరాయివాళ్ళు మీరు. మీది కాని పాపం కూడా నెత్తిన వేసుకుంటుంటే, నేను నోరు మూసుకుని ఎలా కూర్చోను?"

ఫోను డిటెక్టివ్ చేతిలో పెట్టింది. జూమ్ చేసి దగ్గరికి లాగి తీసిన వీడియో. బొమ్మ కొంచెం ఊగుతోంది కానీ మనుషులు స్పష్టంగా ఉన్నారు. ఎర్ర బోయా. సీటు మీద బావమరిది. కుడిపక్క దూరంగా ఈదుతున్న నీటికోడి. వెనక మెట్టు మీద రెండు చేతులు, వాటి మధ్య తడిసిన తల.

సీటు మీద మనిషి జేబులోంచి పసుపుపచ్చది ఏదో తీశాడు. ముందు పెట్టాడు. తర్వాత తల వెనక్కి తిప్పాడు. తిప్పి, మెట్టు పట్టుకున్న బావని చూశాడు. బావ ఏదో అన్నట్టుంది, ఒక చెయ్యి పైకి చాపాడు, సాయం పట్టమని. సీటు మీద మనిషి ఆ చెయ్యినీ చూశాడు. ఒకటి, రెండు, మూడు. అప్పుడు ముందుకు తిరిగి నొక్కాడు.

ఫోనులోంచి ఆమె కేక చిన్నగా వినబడింది. బొమ్మ ఆకాశంవైపు తిరిగి ఆగిపోయింది.

తమ్ముడు లేచి కిటికీవైపు ఒక్క అంగ వేశాడు. అప్పటికే అతని రెక్క ఇన్‌స్పెక్టరు గుప్పిట్లో ఉంది. సంకెళ్ళు పడుతున్నప్పుడు కూడా అతను బతిమాలింది పోలీసులని కాదు. "నువ్వే పెంచావు కదే అక్కా, నన్ను!" అన్నాడు.

ఆమె చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

కిందికి దిగాక జీపు పక్కన నిలబడి ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకం తెరిచాడు. డిటెక్టివ్ చెప్పినది సగం పేజీ ఉంది. కాగితం కొసని రెండువేళ్ళతో పట్టుకున్నాడు.

"హత్య అని తేలిపోయింది గురువుగారూ. ఇక ఈ పేజీ ఎవరికీ అక్కర్లేదు." ఆగి, ఇబ్బందిగా మీసం సర్దుకున్నాడు. "నాకూ అక్కర్లేదు. చింపేస్తాను."

నిన్న రాత్రి దణ్ణం పెట్టుకుని అడిగినది అక్షరాలా చేతికొచ్చింది. డిటెక్టివ్‌కి మాత్రం ఆ చాపిన చెయ్యే కళ్ళముందు కదలకుండా ఉంది. నీటికోడి అప్పటికే సీటు మీద ఉండి ఉంటే, ఆ చెయ్యి పట్టుకుని పైకి లాగేవాడు.

"ఉంచు," అన్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."